ర్యాంకు అడగని దరఖాస్తు: 650 మాటల పర్సనల్ ఎస్సే దగ్గర మన పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు?

క్లుప్తంగా: అమెరికా కాలేజీలు డిగ్రీ ప్రవేశానికి అడిగే పర్సనల్ ఎస్సే పరీక్షలో జవాబు లాంటిది కాదు, ఎంఎస్ కోసం రాసే ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) కూడా కాదు. దరఖాస్తులోని మిగతా కాగితాలు చెప్పలేని సంగతి చెప్పడమే దాని పని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లల ఎస్సేలు తేలిపోతే తప్పంతా ఇంగ్లీషుది కాదు. స్కూల్లో నేర్చిన వ్యాసం మూస, 'నేను' అనడానికి మొహమాటం అంతకన్నా పెద్ద అడ్డంకులు. బ్రిటన్ లెక్క పూర్తిగా వేరు.

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇంటర్ చదివే పిల్లలకు సీటు అంటే ఒక అంకె. ఈఏపీసెట్‌లో ర్యాంకు, జేఈఈ మెయిన్‌లో 300కి ఎన్ని, నీట్‌లో 720కి ఎన్ని. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో చేరాలన్నా చూసేది పదో తరగతి మార్కులే. ఆ పిల్ల ఎవరు, దేని గురించి ఆలోచిస్తుంది అని ఈ దారిలో ఎవరూ అడగరు. అడగకపోవడంలో ఒక న్యాయం కూడా ఉంది. పలాసలో జీడిపప్పు ఒలిచే తల్లి కూతురికీ, విశాఖలో డాక్టరుగారి అబ్బాయికీ ఒకే ప్రశ్నపత్రం. కోచింగ్‌లో తేడా ఉండొచ్చు గానీ, పేపరు దిద్దే యంత్రానికి ఇద్దరూ ఒకటే.

ఈ అలవాటుతో పెరిగిన విద్యార్థి ఇంటర్ తర్వాత నేరుగా విదేశంలో డిగ్రీ చదువుదామని దరఖాస్తు తెరిస్తే, అందులో ఒక ఖాళీ పెట్టె ఉంటుంది. 250 మాటలకు తగ్గకుండా, 650 దాటకుండా తన గురించి రాయాలి. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఇంట్లో వెంటనే గుర్తొచ్చేది అమెరికాలో ఎంఎస్ చేస్తున్న పెదనాన్నగారి అబ్బాయి. ఆయన దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక పాత ఎస్‌ఓపీ ఫైలు వస్తుంది. 'చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే అమితమైన ఆసక్తి' అని మొదలయ్యే ఆ ఫైలులో పేరు, ఊరు మార్చి పంపేస్తే సరిపోతుందనుకోవడమే మొదటి పొరపాటు. ఎస్‌ఓపీ ఒక డిపార్ట్‌మెంటుకు రాసేది: ఏం చదివారు, ఏం ప్రాజెక్టు చేశారు, ఇక్కడే ఎందుకు చదవాలి. పర్సనల్ ఎస్సే అడిగేది వీటిలో ఒక్కటీ కాదు.

ఎస్సే పుట్టుక అంత ముచ్చటైనది కాదు

మార్కులు మనిషిని చూపించవు, ఎస్సే చూపిస్తుంది అని గొప్పగా చెబుతుంటారు. చరిత్ర మాత్రం వేరే కథ చెబుతుంది. 20వ శతాబ్దం మొదట్లో హార్వర్డ్, కొలంబియా వంటి చోట్ల ప్రవేశానికి ప్రధానంగా పరీక్షే ఆధారం. ఆ పరీక్షల్లో వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు బాగా రాణించారు. అది పెద్దలకు నచ్చలేదు. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు ఎ. లారెన్స్ లోవెల్ యూదుల సంఖ్యకు పరిమితి పెట్టాలన్నాడు. బాహాటంగా అది సాగలేదు. దాంతో మరో దారి వెతికారు. తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారు, మతం ఏమిటి అన్న ప్రశ్నలు, ఫొటో, సిఫారసు ఉత్తరాలు, ఇంటర్వ్యూ, 'వ్యక్తిత్వం' తూచే రాతలు దరఖాస్తులోకి వచ్చాయి. మార్కులున్నా కాదనడానికి ఒక సాకు కావలసి వచ్చింది, అంతే.

తర్వాతి వందేళ్లలో అదే సాధనం చేతులు మారింది. బయటివాళ్లను ఆపడానికి పెట్టిన పెట్టెలోనే, బయటివాళ్లు తమ సంగతి చెప్పుకోవడం మొదలుపెట్టారు. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదని తీర్పు ఇచ్చింది. అయితే జాతి తన జీవితంపై ఎలా ప్రభావం చూపిందో విద్యార్థి స్వయంగా రాస్తే దాన్ని పరిగణించవచ్చని ఆ తీర్పులోనే ఉంది. కరోనా సమయంలో చాలా కాలేజీలు ప్రవేశానికి రాసే శాట్ పరీక్షను ఐచ్ఛికం చేయడంతో ఎస్సే బరువు ఇంకా పెరిగింది. ఎంఐటీ 2022లో, హార్వర్డ్ 2024లో పరీక్షను మళ్లీ తప్పనిసరి చేశాయి. కాబట్టి ఎస్సే బాగుంటే మార్కులు అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మాల్సిన పని లేదు.

ఫైలులో ఎస్సే చేసే పని

కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు 1975లో మొదలైంది. ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలు దాన్ని తీసుకుంటాయి. ఒక విద్యార్థి అందులో 20 కాలేజీల దాకా ఎంచుకోవచ్చు, ప్రధాన ఎస్సే ఒక్కటే. ఏడు ప్రశ్నలు ఇస్తారు, ఏడోది 'మీకు నచ్చిన అంశం'. ఏ ప్రశ్న ఎంచుకున్నా అదనపు మార్కులేమీ ఉండవు. పెద్ద కాలేజీలు విడిగా తమ చిన్న ప్రశ్నలు కూడా అడుగుతాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వంటివి కామన్ యాప్‌లోనే లేవు. అక్కడ ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 మాటల్లోపు జవాబు రాయాలి.

ఫైలు చదివే అధికారి ముందు మార్కుల పట్టిక, స్కూలు వివరాలు, సిఫారసు ఉత్తరాలు, వ్యాపకాల జాబితా ఉంటాయి. వీటిలో మన జిల్లాల నుంచి వెళ్లే ఫైళ్లు రెండు చోట్ల పలచబడతాయి. మొదటిది సిఫారసు ఉత్తరం. కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఒక సెక్షన్‌కు పాఠం చెప్పే లెక్చరర్‌కు ఏ విద్యార్థి ఎలాంటివాడో తెలిసే వీలు తక్కువ. అలవాటు కొద్దీ వచ్చేది కాండక్ట్ సర్టిఫికెట్ లాంటి నాలుగు వాక్యాలు: సిన్సియర్, పంక్చువల్, హార్డ్‌వర్కింగ్. రెండోది వ్యాపకాల జాబితా. పది గడులుంటాయి, ఒక్కో వివరణకు 150 అక్షరాలు. ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో గడిపిన పిల్లవాడు అందులో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేస్తాడు. నిజానికి ఆ జాబితాలో 'కుటుంబ బాధ్యతలు' అనే వర్గం ఉంది, 'జీతానికి చేసిన పని' కూడా ఉంది. నాన్నగారి కిరాణా కొట్లో సాయంత్రాలు కూర్చోవడం, తమ్ముణ్ని స్కూలుకు దింపి రావడం, తాతగారిని ఆస్పత్రికి తిప్పడం అన్నీ అక్కడ లెక్కే. ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఒక్కటే వ్యాపకం అనుకోవడం మన అపోహ.

ఈ రెండూ పలచగా ఉన్నప్పుడు, మనిషి కనిపించే చోటు ఎస్సే ఒక్కటే అవుతుంది. అందులోనూ ఇంటర్ మార్కులు, ఒలింపియాడ్ ర్యాంకులే మళ్లీ రాస్తే ఫైలులో ఉన్న కాగితాన్నే రెండోసారి చూపించినట్టు.

ఒక పరిమితి కూడా చెప్పుకోవాలి. అమెరికాలో ఎక్కువ కాలేజీలు విదేశీ విద్యార్థి ఫీజు కట్టగలడా లేదా అన్నది ప్రవేశ నిర్ణయంలోనే చూస్తాయి. అది చూడకుండా సీటిచ్చి, అవసరమైనంత సాయం చేసేవి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ వంటి వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ సంస్థలే. వాటిలో పోటీ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఎంత మంచి ఎస్సే అయినా బ్యాంకు బ్యాలెన్సుకు బదులు కాదు.

బ్రిటన్‌కు ఇదే పంపితే?

పనికిరాదు. బ్రిటన్ డిగ్రీ కోర్సులకు ఉమ్మడిగా పెట్టే యూకాస్ దరఖాస్తులో అడిగేది జీవిత కథ కాదు, సబ్జెక్టు. 2026 ప్రవేశాల నుంచి ఒకే పొడవాటి వ్యాసం బదులు మూడు ప్రశ్నలు పెట్టారు: ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు, చదువు మిమ్మల్ని దానికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు, అది ఎందుకు ఉపయోగం. మొత్తం 4,000 అక్షరాలు, ఒక్కో జవాబుకు కనీసం 350. ఎంచుకున్న ఐదు కోర్సులకూ అదే వెళ్తుంది, కాబట్టి ఒక యూనివర్సిటీని పొగడటం కుదరదు. సిలబస్‌లో లేని ఏ పుస్తకం చదివారు, అందులో ఎక్కడ సందేహం వచ్చింది అన్నది అక్కడ బలం. మన దేశంలో అశోకా వంటి ప్రైవేటు యూనివర్సిటీలు అడిగే ఎస్సేలు మాత్రం అమెరికా పద్ధతికే దగ్గర.

ఉపోద్ఘాతం, విషయం, ముగింపు

పదో తరగతి దాకా వ్యాసం ఎలా రాయాలో మనకు నేర్పేది ఈ మూడు మెట్లలోనే. ఉపోద్ఘాతంలో ఒక నిర్వచనమో సూక్తో, మధ్యలో లాభనష్టాలు, చివర్లో నీతి. పరీక్ష దిద్దేవారికి ఇది సులువు, మార్కులూ వస్తాయి. అదే మూసలో పర్సనల్ ఎస్సే రాస్తే కలాం గారి మాటతో మొదలై, 'కృషి ఉంటే సాధించలేనిది లేదు' అని ముగుస్తుంది. మధ్యలో రాసినవాడి జాడ ఉండదు.

రెండో అడ్డంకి ఇంకా లోతుగా, భాషలోనే ఉంది. తెలుగులో ఒక్కగానొక్క కొడుకైనా 'మా అమ్మ' అంటాడు, 'నా అమ్మ' అనడు. ఇల్లూ మాదే, ఊరూ మాదే. తన గురించి తాను చెప్పుకుంటే 'సొంత డబ్బా' అని ఇంట్లోనే అంటారు. దాంతో ఎస్సేలో క్రియలన్నీ 'మేం చేశాం', 'మా టీమ్ గెలిచింది' అని సాగుతాయి. అందులో ఈ విద్యార్థి చేసింది ఏమిటో, అనుకున్నది ఏమిటో చదివే మనిషికి అంతుపట్టదు. వినయం మంచిదే. ఇక్కడ మాత్రం అది సమాచారాన్ని దాచేస్తోంది. 'నేను' అంటే గొప్పలు చెప్పడమే కానక్కర్లేదు. 'నేను తప్పు లెక్కపెట్టాను' అన్నా అది 'నేను'తో మొదలైన వాక్యమే.

తిత్లీ మీద రెండు చిత్తుప్రతులు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. అప్పుడు ఐదో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు కాలేజీ దరఖాస్తుల వయసుకు వచ్చారు. వాళ్లలో చాలామందికి ఎస్సే అనగానే గుర్తొచ్చేది ఆ రాత్రే. కవిటి మండలంలో ఒక అమ్మాయి రాసిందనుకుందాం. మొదటి ప్రతి ఇలా ఉంటుంది:

'తిత్లీ మా జీవితాలను ఛిన్నాభిన్నం చేసింది. ఎన్నో ఏళ్ల మా కష్టం ఒక్క రాత్రిలో మట్టిపాలైంది. అయినా మేం ధైర్యం కోల్పోలేదు. కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయని ఆ రోజు నాకు తెలిసింది.'

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ నాలుగు మండలాల్లో ఎవరైనా దీని కింద సంతకం పెట్టొచ్చు. తుపాను ఉంది, ధైర్యం ఉంది, అమ్మాయి లేదు. అదే అమ్మాయి రెండో ప్రతి:

'నష్టం రాసుకోవడానికి ఆఫీసర్లు వచ్చిన రోజు నాన్న నా చేతికి లెక్కల నోటుబుక్కు ఇచ్చి, పడిపోయిన చెట్లకు గీతలు పెట్టమన్నారు. ముప్పై ఎనిమిది దాకా ఇబ్బంది లేదు. ముప్పై తొమ్మిదో చెట్టు దగ్గర ఆగిపోయాను. అది నిలబడే ఉంది. మొవ్వు మాత్రం మెలితిరిగి పక్కకు వాలింది. ఇది పడినట్టా, పడనట్టా అని అడిగాను. "నిలబడి ఉంది కదమ్మా, రాయకు" అన్నారు ఆఫీసరు. సంక్రాంతి నాటికి ఆ చెట్టు చచ్చిపోయింది. అలాంటివి మా తోటలో ఇంకో పదకొండు.'

కొబ్బరి చెట్టుకు పెరిగే చోటు ఒక్కటే, తల మీద మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే, కాకపోతే వెంటనే తెలియదు. ఈ సంగతి ఉద్దానంలో అందరికీ తెలుసు, బోస్టన్‌లో ఫైలు చదివే మనిషికి తెలియదు. ఆ ఒక్క వివరంతో ఇది తుపాను ఎస్సే కాకుండా లెక్కల ఎస్సే అయింది. పట్టికలో ఒక గడి లేకపోతే ఏ నష్టం కనపడకుండా పోతుంది అన్న ప్రశ్న పదేళ్ల పిల్లకు ఎలా పట్టుకుందో చెబుతోంది. జాలి అడగటం లేదు. ఆఫీసరును విలన్‌ను చేయడం లేదు, ఆయన నిబంధన ప్రకారమే రాశాడు.

ఇక్కడి నుంచి ఎస్సే ఎటు వెళ్తుందన్నది అసలు పరీక్ష. ఆ అమ్మాయే పదో తరగతిలో ఉండగా ఊళ్లో కిడ్నీ పరీక్షల క్యాంపు పెట్టారనుకుందాం. ఉద్దానంలో అది అరుదైన సంగతి కాదు. కిడ్నీ జబ్బు ముదిరేదాకా మనిషి మామూలుగానే తిరుగుతాడు. పొలానికి వెళ్తాడు, భోంచేస్తాడు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె మాత్రం లోపల పెరుగుతుంటుంది. క్యాంపు దగ్గర వరుసలో నిలబడిన నానమ్మను చూసి, ఆ పిల్లకు ముప్పై తొమ్మిదో చెట్టు గుర్తొస్తే, రెండు సంఘటనల మధ్య ఒక ఆలోచన నడిచినట్టు. స్టాటిస్టిక్స్ ఎందుకు చదవాలనుకుంటుందో ఆమె ఇక విడిగా చెప్పనక్కర్లేదు. అలా గుర్తురాకపోతే మాత్రం తెచ్చి అతికించకూడదు. నానమ్మ జబ్బు కన్నీళ్ల కోసం వచ్చి కూర్చుంటే ఎస్సే మళ్లీ మొదటి ప్రతి దగ్గరికే చేరుతుంది.

కష్టం రాయడం తప్పు కాదు. కష్టం వల్ల చదువు ఆగిపోయిందనో మార్కులు తగ్గాయనో చెప్పాలంటే దరఖాస్తులో దానికి విడిగా ఐచ్ఛికమైన చోటుంది. నాలుగు వాక్యాల్లో విషయం చెప్పేస్తే సరిపోతుంది. ఎస్సే మొత్తాన్ని దానికి ధారపోయక్కర్లేదు.

ఊరి గొప్ప, రాసేవాడి జాడ

కష్టం లేని ఇంటి పిల్లలు ఇంకో దారి పడతారు. బొబ్బిలి వీణ గురించి రాస్తారు. ఒకే పనస దుంగను తొలిచి చేస్తారని, గొల్లపల్లిలో తరతరాలుగా ఈ పని ఉందని, 600 మాటలు. చివరి 50 మాటల్లో 'నాకు మా సంస్కృతి అంటే గర్వం'. పొందూరు ఖద్దరు మీదా అంతే: వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారన్న ముచ్చట చదవడానికి బాగుంటుంది, కానీ దానితో సీటు ఇవ్వాల్సింది చేపకు. ఆ దవడ పళ్ల మధ్య పత్తి ఇరుక్కుంటే రాసేవాడు ఏం చేశాడు, ఎన్నిసార్లు పాడుచేశాడు అన్నది ఉంటేనే అది అతని ఎస్సే.

విషాదమూ వారసత్వమూ రెండూ లేకపోయినా నష్టం లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. రైలు దిగినవాళ్లను షేర్ ఆటోలు ఏ వరుసలో ఎక్కించుకుంటాయి, ఆ వరుస ఎవరు పెట్టారు, రాత్రి రైలుకు అది ఎందుకు చెడిపోతుంది అని రోజూ గమనించిన కుర్రాడి దగ్గర 650 మాటలకు సరిపడా సరుకుంది.

ఇప్పటి గ్రాంథికం

వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి, జనం మాట్లాడే భాషలోనే చదువూ రాతా సాగాలని జీవితమంతా పోరాడారు. ఎవరూ మాట్లాడని భాషలో రాయమంటే పిల్లలకు మాటలు వస్తాయి గానీ భావం రాదన్నదే ఆ వాదంలోని సారం. ఇవాళ కన్సల్టెన్సీల ఇంగ్లీషు సరిగ్గా ఆ గ్రాంథికం పాత్రే పోషిస్తోంది. నిఘంటువులోంచి దింపిన పెద్ద మాటలు, ప్రతి నామవాచకం ముందు రెండు విశేషణాలు. చిన్న తప్పులున్నా సాదా ఇంగ్లీషులో రాసిన ఎస్సే చదివించుకుంటుంది, ఇది చదివించుకోదు.

ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చుకోవడం మంచి పద్ధతే, ఒక్క లెక్క గుర్తుంచుకుంటే. 'వెళ్లలేకపోయాను' తెలుగులో ఒకే మాట. ఇంగ్లీషులో 'ఐ కుడ్ నాట్ గో', నాలుగు. తెలుగులో 650 మాటలు రాస్తే ఇంగ్లీషులో పెట్టె పొంగిపోతుంది. సగం నిండగానే ఆపడం మేలు.

కాలిన పైజామా కథ

2007లో యూకాస్ దాదాపు 50 వేల దరఖాస్తుల రాతలను పోల్చి చూసింది. 234 మంది ఒకే సంఘటన రాశారు: ఎనిమిదేళ్ల వయసులో పైజామాకు కన్నం పడేలా కాల్చుకున్నామని. ఇంటర్‌నెట్‌లో దొరికిన ఒక నమూనా అన్ని ఇళ్లలోనూ పైజామాలు కాల్చింది. అప్పటి నుంచి యూకాస్ పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ వాడుతోంది. ఏఐతో రాయించి సొంతమని పంపడాన్ని కామన్ యాప్ తన నిబంధనల్లో మోసం కింద చేర్చింది. పట్టుబడటం సంగతి పక్కన పెట్టినా, ఏఐ రాసే మొదటి ప్రతి పైన చూసిన తిత్లీ మొదటి ప్రతి లాగే ఉంటుంది. ఎందరో రాసిన దాని సగటే అది ఇవ్వగలిగేది. ముప్పై తొమ్మిదో చెట్టు దాని దగ్గర ఉండదు. పై ఉదాహరణను ఎవరైనా ఎత్తి రాసుకుంటే అదీ పైజామా కథే అవుతుంది.

డబ్బిచ్చి రాయించుకునే ముందు ఖర్చులేని పని ఒకటుంది. ఎంచుకున్న సంఘటనను ఇంట్లో అమ్మకు తెలుగులో చెప్పి చూడటం. 'అంతేనా? ఆ రోజు నువ్వు అన్నం కూడా తినకుండా ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్నావు' అని ఆవిడ చేర్చే ముక్క చాలాసార్లు ఎస్సేలో లేనిదే అయి ఉంటుంది, ఉండాల్సిందీ అదే.

తేదీలు ఇంటర్‌తో ఢీకొంటాయి

కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ముందస్తు దరఖాస్తుల గడువు చాలా చోట్ల నవంబరు 1, మామూలువి జనవరి మొదట్లో. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, వైద్యం కోర్సులకు యూకాస్ గడువు అక్టోబరు 15, అంటే విజయనగరంలో పైడితల్లి సిరిమాను తిరిగే రోజులకు అటూఇటూ. ఇంటర్ రెండో ఏడాది సిలబస్ ముగించే తొందరా అప్పుడే. కాబట్టి చిత్తుప్రతి మొదటి ఏడాది వేసవి సెలవుల్లోనే అయిపోవాలి. సిఫారసు ఉత్తరం కోసం లెక్చరర్‌ను కనీసం నెల ముందు, దసరా సెలవుల కన్నా ముందే అడగాలి. ఆయన ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేయాల్సి ఉంటుంది కాబట్టి మెయిల్ ఐడీ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. క్లాసులో తాను అడిగిన ప్రశ్న, చేసిన ప్రాక్టికల్, పగలగొట్టిన బీకరు లాంటివి గుర్తుచేస్తూ ఒక పేజీ రాసి ఇస్తే, సిన్సియర్, పంక్చువల్, హార్డ్‌వర్కింగ్ తర్వాత నాలుగో వాక్యం రాయడానికి ఆయన దగ్గర ఏదైనా ఉంటుంది.